శాలువా ఒకరోజు, అర్జీ ఆర్నెల్లు

డిసెంబరు 7 వచ్చిందంటే బడి పిల్లలు డబ్బాలు పట్టుకుని దుకాణాల ముందు నిలబడతారు. పది రూపాయలు వేస్తే చొక్కాకి చిన్న జెండా గుచ్చుతారు. 1949 నుంచీ ఏటా జరుగుతున్న సాయుధ దళాల పతాక దినం అది. ఆ డబ్బు మాజీ సైనికుల సంక్షేమ నిధికి చేరుతుంది. అందులోంచి ఎవరికి ఏం వస్తుందని జెండా పెట్టుకున్నవాళ్లు అడగరు సరే, ఆ సాయం అందుకోవాల్సిన ముసలమ్మకి కూడా చాలాసార్లు తెలియదు. మీరు సేవ మొదలుపెట్టాల్సింది సరిగ్గా అక్కడ.

సైనికుల కోసం ఏదైనా చేయాలనుకోగానే మన ఊళ్లలో మొదట తట్టేది సన్మానం. ఆగస్టు 15న బడి ఆవరణలో ఎండన కుర్చీ వేసి కూర్చోబెడతారు, శాలువా కప్పుతారు, జ్ఞాపిక చేతికిస్తారు, ఫొటో దిగుతారు. ఆ మనిషి ఇంటికెళ్లి శాలువాని బీరువాలో పాత శాలువాల మీద పెడతాడు. సన్మానాలంటే నాకేమీ పడకపోవడం కాదు. దాంతో మన వంతు అయిపోయిందనుకుంటామే, దాంతోనే పేచీ. అమరుడైన జవాను భార్యకి వేదిక మీద దండం పెట్టినవాళ్లలో ఎంతమంది, మర్నాడు ఆమెతో బ్యాంకు కౌంటరు దాకా వెళ్లారు?

సైనికుడికీ అతని కుటుంబానికీ రావలసినవి కాగితం మీద తక్కువేం లేవు. ఆ కాగితం నుంచి ఇంటి గడప దాకా తోడు నడిచే మనిషే కరువు. డబ్బు పెట్టలేని మామూలు ఉద్యోగికీ, రిటైరైన టీచరుకీ, డిగ్రీ అయిపోయి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న కుర్రాడికీ ఇంతకన్నా మంచి సేవ నాకు కనపడలేదు. నెలలో రెండు మూడు రోజులు, కాస్త ఓపిక, నలుగురూ చదవగలిగే చేతిరాత ఉంటే చాలు.

ఎవరి ఇంటికి వెళ్లాలి

మాజీ సైనికుడంటే పెన్షన్, క్యాంటీన్ కార్డు, వైద్యానికి ఈసీహెచ్‌ఎస్, ఇంకేం తక్కువ అనుకుంటాం. పదిహేనేళ్లకి పైగా చేసి వచ్చిన హవల్దారు విషయంలో అది చాలావరకు నిజమే. ఆయన దగ్గరికి సాయం చేయడానికి పరుగెత్తక్కర్లేదు, సాయం అడగడానికి వెళ్లాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

జవాను స్థాయిలో సర్వీసు పెన్షన్ రావాలంటే మామూలుగా 15 ఏళ్లు నిండాలి. ఆలోపే ఇంటి దగ్గర తల్లి మంచాన పడిందనో, పొలం తగాదా ముదిరిందనో డిశ్చార్జి అడిగి వచ్చేసినవాళ్లుంటారు. యూనిఫాం వేసుకున్నారు, సరిహద్దులో కాపలా కాశారు, కానీ బ్యాంకులో నెలనెలా పడేదేమీ లేదు. ఇలా పెన్షన్ లేకుండా 65 దాటిన, హవల్దారు స్థాయి వరకు ఉన్న మాజీ సైనికులకీ, వితంతువులకీ కేంద్రీయ సైనిక్ బోర్డు ‘పెన్యూరీ గ్రాంట్’ ఇస్తుంది. నెలకి 4,000 రూపాయలుండేది, 2025 అక్టోబరులో రక్షణ మంత్రి దాన్ని 8,000 చేశారు. అదే ఉత్తర్వుతో ఇద్దరు పిల్లల వరకు చదువు సాయం తలకి నెలకి 1,000 నుంచి 2,000కి, కూతురి పెళ్లి సాయం 50,000 నుంచి లక్షకి పెరిగాయి. నవంబరు 1 నుంచి వచ్చిన దరఖాస్తులకి కొత్త లెక్క. వృత్తివిద్యా కోర్సుల్లో చేరిన పిల్లలకి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వేరే ఉంది. అమ్మాయికి నెలకి 3,000, అబ్బాయికి 2,500. దానికి ఇంటర్‌లో కనీసం 60 శాతం మార్కులు ఉండాలి.

ఈ అంకెలు రేపు మారొచ్చు. వీటిని కంఠస్థం చేయడం మీ పని కాదు. ఇలాంటివి ఉన్నాయని తెలిసి, ఈ ఏడాది నిబంధన ఏమిటో, గడువు ఎప్పటిదాకా ఉందో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కుని వచ్చి ఆ ఇంట్లో చెప్పడమే మీ పని. అక్కడి అధికారి సాధారణంగా సైన్యం నుంచి వచ్చినవారే అయ్యుంటారు. సూటిగా, ముక్తసరిగా అడిగితే సూటిగానే చెబుతారు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ ఇంటింటికీ సైనికుడు ఉన్న ఊరు, మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊళ్లో ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో పక్కింటి సుబేదారు గారే చెబుతారు. చిక్కంతా ఊరికి ఒక్క సైనికుడే ఉన్నచోట. ఆయన పోయాక భార్య పుట్టింటికి చేరితే మరీ చిక్కు. ఆమె ఎవరి భార్యో ఆ కొత్త ఊళ్లో ఎవరికీ పట్టదు, సైనిక సంఘం వాళ్ల జాబితాలోనూ ఆమె ఉండదు. మీ మండలంలో ఇలాంటివాళ్లు ఎక్కడున్నారో కనిపెట్టడానికి పోస్ట్‌మ్యాన్‌ని, బ్యాంకు మిత్రని, రేషన్ డీలరుని అడగండి. రికార్డుల్లో దొరకని మనుషులు ఈ ముగ్గురికీ తెలుస్తారు.

ట్రంకు పెట్టె ముందు

ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక ఊరు అనుకోండి. వానాధారం పొలాలు, పది పాసయ్యాక రైలు పట్టాల పక్కన పరుగు ప్రాక్టీసు చేసి సైన్యంలో చేరే కుర్రాళ్లు. అక్కడ ఒక పెద్దమ్మ. ఆమెకి అరవై దాటాయి. భర్త ఫిరంగి దళంలో నాయక్‌గా రిటైరయ్యాడు, పోయినేడు కాలం చేశాడు. ఆయన పెన్షన్ ఆగిపోయింది, ఆమెకి కుటుంబ పెన్షన్ మొదలవలేదు.

“ఎవురినడిగినా ఇంకో చోటికి పొమ్మంటారే గాని, ఇది చెయ్యి అని చెప్పేవాళ్లు లేరు నాయనా. బ్యాంకుకి పోయొచ్చినా, ఒంగోలు పోయొచ్చినా. ఇంగ యాడికి పోవాలో నువ్వే చెప్పు.”

“ఇప్పుడే ఎక్కడికీ వద్దు పెద్దమ్మా. ముందు పెట్టె తియ్యి.”

పాతకాలం ఇనుప ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, పేరు. లోపల డిశ్చార్జి పుస్తకం, ప్లాస్టిక్ కవరులో పీపీఓ అనే పెన్షన్ ఉత్తర్వు, రంగు వెలిసిన రిబ్బన్‌తో మెడల్, క్యాంటీన్ కార్డు, ఎప్పుడో కట్టడం మానేసిన బీమా బాండు. వాటిలోంచి మూడే తీసి పక్కపక్కన పరచండి. పీపీఓ, ఆమె ఆధార్, ఆమె బ్యాంకు పాసుపుస్తకం. పీపీఓలో భార్య పేరు బి. లక్ష్మమ్మ. ఆధార్‌లో బత్తుల లక్ష్మీదేవి. పాసుపుస్తకంలో లక్ష్మీ దేవమ్మ. పుట్టినతేదీ చూస్తే సైన్యం రికార్డుల్లో 1958లో ఏదో నెల. ఆధార్‌లో జనవరి 1, 1955. పుట్టినరోజు తెలియనివాళ్లందరికీ ఆధార్ క్యాంపులో వేసిన జనవరి ఒకటి.

ఎన్ని ఆఫీసులు తిరిగినా పని కాకపోవడానికి కారణం ఆ మూడు కాగితాల్లోనే ఉంది. ఆమెకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే మూడింటినీ ఒక్కచోట పెట్టి ఎవరూ చూడలేదు. ఫిరంగి దళం రికార్డ్స్ ఆఫీసు మహారాష్ట్రలో నాసిక్ రోడ్డులో ఉంది. అక్కడ కూర్చున్న గుమస్తాకి మన ఇంటిపేర్ల గొడవ ఏం తెలుస్తుంది? పెళ్లికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకోటి, ఇంట్లో పిలిచే పేరు, ఆధార్‌లో ఎక్కిన పేరు, ఇవన్నీ కలిపి అతని లెక్కలో నలుగురు ఆడవాళ్లు. వాళ్లు నలుగురూ ఒక్కరేనని రుజువు చూపించడమే ఇక్కడ పని. ఒకే వ్యక్తి అని నోటరీ అఫిడవిట్ కావాలా, తహసీల్దారు ధ్రువపత్రం కావాలా, పేరు మార్పుకి ఇంకేమైనా అడుగుతారా అన్నది ఆ రికార్డ్స్ ఆఫీసునే రాసి అడగాలి. ఎవరో చెప్పారని అన్నీ ముందే చేయించి, స్టాంపు పేపర్లకీ నోటరీకీ ఆమె చేత వేలు ఖర్చు పెట్టించకండి.

ఏ రికార్డ్స్ ఆఫీసు అన్నది ఆయన చేసిన దళాన్ని బట్టి ఉంటుంది. మద్రాస్ రెజిమెంట్ అయితే ఊటీ దగ్గర వెల్లింగ్టన్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, యంత్రాలూ వాహనాలూ చూసే ఈఎంఈ అయితే మన సికింద్రాబాదే. వైమానిక దళానికి ఢిల్లీ, నౌకాదళానికి ముంబై. పెళ్లి, పిల్లల పుట్టుక, పేరు సవరణ లాంటివి సైనికుడు సర్వీసులో ఉండగా ‘పార్ట్ టూ ఆర్డర్’ ద్వారా రికార్డుల్లోకి ఎక్కుతాయి. రెండో బిడ్డ పేరు ఎక్కించకుండానే రిటైరైనవాళ్లుంటారు. కాబట్టి సెలవు మీద వచ్చిన కుర్ర జవాను కనపడితే సన్మానం తర్వాత చేద్దురుగాని, భార్యాబిడ్డల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రికార్డుల్లో ఉన్నాయో లేదో చూసుకోమని చెప్పండి. ముప్ఫై ఏళ్ల తర్వాత రాబోయే ముడి ఆ ఒక్కమాటతో తప్పిపోతుంది.

పెన్షన్ చెల్లింపు ఇప్పుడు ‘స్పర్శ్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థకి మారింది. దాన్ని నడిపేది ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల కార్యాలయం. ఒకప్పుడు పెన్షనరు తన బ్యాంకు మేనేజరుతో మాట్లాడుకుంటే సగం పని అయిపోయేది. ఇప్పుడు లాగిన్, పాస్‌వర్డ్, ఓటీపీ. ఫోన్ నంబరు మారిపోయి, పాత నంబరుకి ఓటీపీ వెళుతూ, పెన్షన్ ఎందుకు ఆగిందో తెలియక కూర్చున్నవాళ్లు ఉన్నారు. స్పర్శ్ సేవలకి కామన్ సర్వీస్ సెంటర్లు ఉన్నాయి. మీ మండలంలో ఏ సెంటరు కుర్రాడికి ఆ పని నిజంగా వచ్చో కనుక్కుని పెట్టుకోవడం, బోర్డు చూసి వెళ్లడం కన్నా వెయ్యి రెట్లు మేలు.

రాయడం, పంపడం, దాచడం

అర్జీ రాయడం మనవాళ్లకి అలవాటైన కళే, కానీ తప్పు దారిలో. ‘తమరి దివ్య సముఖమునకు’ అని మొదలుపెట్టి, కష్టాలన్నీ రెండు పేజీలు ఏకరువు పెట్టి, అసలు సంగతి చివరి వాక్యంలో చెబుతాం. రికార్డ్స్ ఆఫీసుకి రాసే ఉత్తరంలో మొదటి వరుసలోనే ఆయన సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, పీపీఓ నంబరు ఉండాలి. ఆ నంబరు లేకపోతే ఎంత గుండె కరిగే ఉత్తరమైనా ఏ ఫైల్లోకీ చేరదు. రెండో వరుసలో ఏం కావాలో ఒక్క వాక్యం. ఒక ఉత్తరానికి ఒకే విషయం. పేరు సవరణ, బకాయి, మెడికల్ కార్డు మూడూ ఒకే ఉత్తరంలో రాస్తే మూడు టేబుళ్ల మధ్య అది తిరుగుతూనే ఉంటుంది. జతచేసిన కాగితాలకి నంబర్లు వేయండి. హిందీలోనో ఇంగ్లీషులోనో రాసి, తెలుగులో ఆమెకి చదివి వినిపించాకే సంతకమో వేలిముద్రో పెట్టించండి. స్పీడ్ పోస్ట్ రసీదుని మీ దగ్గరుంచుకునే నకలుకి పిన్ను కొట్టండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. మనిషికి ఒక పేజీ. ఏ తేదీన ఏం పంపాం, ఎవరితో మాట్లాడాం, వాళ్లేమన్నారు, మళ్లీ ఎప్పుడు అడగాలి. ఆఫీసువాళ్లు మిమ్మల్ని గౌరవించడం మొదలుపెట్టేది ఈ పుస్తకం తీసి తేదీ చదివినప్పుడే. నెలరోజులైనా జవాబు రాకపోతే గుర్తుచేస్తూ రాయండి, పాత ఉత్తరం తేదీ ఉటంకించండి. కోపం వద్దు. అవతలివాడికి రోజూ ఇలాంటివి కుప్పలు వస్తాయి, తేలిగ్గా తేల్చగలిగినదే ముందు తేలుస్తాడు. మీదాన్ని తేలికగా ఉంచండి.

కొన్నింటి దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. అసలు కాగితాలు ఆ ఇంటి గడప దాటకూడదు, మీరు తీసుకెళ్లేవి జిరాక్సులే. ఏటీఎం కార్డు, పిన్ను, పాస్‌వర్డు ఆమె చెప్పబోయినా వినకండి. ఓటీపీ వస్తే ఫోన్ ఆమె చేతిలోనే ఉండాలి. లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తామంటూ పెన్షనర్లకి ఫోన్లు చేసి ఖాతాలు ఖాళీ చేసే ముఠాలున్నాయి. అలా ఎవరైనా మోసపోతే వెంటనే చేయాల్సిన నంబరు 1930. పని అయ్యాక ఆమె కొంగున కట్టిన ఐదొందల నోటు తీసి ఇస్తుంది. టీ తాగండి, నోటు వద్దనండి. బస్సు ఛార్జీలు ఎవరివి వాళ్లే పెట్టుకోవాలని మొదటిరోజే అనుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. ఫొటో దిగి వాట్సాప్‌లో పెట్టకండి. ఆమె దగ్గర ఇప్పుడు డబ్బు ఉందని ఊరంతటికీ చాటినవాళ్లవుతారు.

అన్నింటికన్నా తేలిగ్గా నేర్చుకోగలిగినది జీవన్ ప్రమాణ్. 2014లో వచ్చిన ఈ డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్‌ని ఇప్పుడు స్మార్ట్‌ఫోన్‌లో ముఖం చూపించి చేసేయొచ్చు. మంచాన ఉన్న మనిషిని ఆటోలో వేసి బ్యాంకుకి తీసుకెళ్లక్కర్లేదు. అయితే పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర స్పర్శ్ అని సరిగ్గా ఎంచుకోవాలి. అలవాటుకొద్దీ పాత బ్యాంకు పేరు నొక్కితే సర్టిఫికెట్ వేరేచోటికి పోతుంది, పెన్షన్ ఆగుతుంది, ‘చేశాం కదా’ అని అందరూ అనుకుంటూనే ఉంటారు.

భూమి తగాదాల్లోకి మాత్రం మీరు దిగకండి. ఇరవై ఏళ్లు సరిహద్దులో ఉన్నవాడి పొలం గట్టు అన్నదమ్ముల చేతిలో జరిగిపోవడం మన పల్లెల్లో పాత కథే. మీరు మధ్యవర్తి అయితే రెండు వైపులా శత్రువే అవుతారు. 2025 జులై 26న, కార్గిల్ విజయ్ దివస్ నాడు, జాతీయ న్యాయ సేవల సంస్థ సైనిక కుటుంబాల కోసం వీర్ పరివార్ సహాయతా యోజనని శ్రీనగర్‌లో మొదలుపెట్టింది. సైనిక్ బోర్డుల దగ్గర న్యాయ సహాయ క్లినిక్‌లు పెట్టడం అందులో భాగం. అంతకుముందు నుంచీ, 1987 నాటి చట్టం ప్రకారం, ఆడవాళ్లకీ ఎస్సీ ఎస్టీలకీ వికలాంగులకీ ఉచిత న్యాయ సహాయం హక్కుగానే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో ఆ గది ఎక్కడుందో చూపించి రండి, చాలు.

టికెట్టు కొనిపెట్టినవాళ్లు

మురళీకాంత్ పేట్కర్ పేరు ‘చందు చాంపియన్’ సినిమా తర్వాత చాలామందికి తెలిసింది. ఈఎంఈలో జవాను, బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడింది. చికిత్సలో భాగంగా నీళ్లలోకి దిగి, 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో బంగారు పతకం తెచ్చాడు. వ్యక్తిగత క్రీడల్లో భారతదేశానికి అది తొలి పారాలింపిక్ స్వర్ణం. పద్మశ్రీ వచ్చేసరికి 2018 అయింది. ఆ కథలో నాకు ఎక్కువ నచ్చినది పతకం కాదు. పాత క్రికెటర్ విజయ్ మర్చంట్ అప్పట్లో వికలాంగుల కోసం ఒక స్వచ్ఛంద సంస్థతో పనిచేసేవారు. పేట్కర్ లాంటివాళ్లకి టికెట్ల ఖర్చు చూసుకున్నది ఆ సంస్థే. ఆ ప్రయాణంలో తీరని అవసరం అదొక్కటే, వాళ్లు దాన్నే తీర్చారు. పతకం ఈతగాడిది, టికెట్టు వాళ్లది.

డబ్బు ఇవ్వగలిగే స్తోమత మీకుంటే ఇవ్వదగిన చోట్లు ఉన్నాయి. పతాక దినం నిధికి ఇచ్చినదానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. పుణే దగ్గర ఖడ్కీలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం 1974 నుంచి పారాప్లెజిక్ పునరావాస కేంద్రం నడుస్తోంది. అదే ఊళ్లో, 1917లో మొదలై ఇప్పటికీ వికలాంగ సైనికులకి చేతిపని నేర్పుతున్న క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కొత్తగా ట్రస్టు పెట్టి మొదటినుంచీ అన్నీ కట్టుకునే బదులు వందేళ్లుగా నిలబడినదానికి ఇవ్వడం నయం.

ఇంకో దారి చూపించినది సుభాషిణి వసంత్. భర్త కల్నల్ వసంత్ వేణుగోపాల్ 2007 జులైలో ఉరీ సెక్టారులో అమరుడయ్యాడు, మరుసటి ఏడాది అశోకచక్ర వచ్చింది. ఆమె బెంగళూరులో వసంతరత్న ఫౌండేషన్ పెట్టింది. తనకి తెలిసిన విషయాలు, తనకున్న పరిచయాలు పల్లెలో ఉన్న జవాను భార్యకి లేవని గ్రహించి, వాళ్లని ఒకచోట చేర్చడం మొదలుపెట్టింది. మీ నోటుబుక్కులో ఒక ఫైలు ముగిసిందనుకోండి, ఆ పెద్దమ్మనే తర్వాతి ఇంటికి వెంట తీసుకెళ్లండి. మీరు గంట చెప్పినా కుదరని నమ్మకం, ‘నాకు వచ్చిందమ్మా, నీకూ వస్తుంది’ అని ఆమె అన్న మాటతో కుదురుతుంది.

ఒకే బల్ల, అందరికీ

ఈ విద్య ఒకసారి చేతికొచ్చాక అది సైనికుల ఇళ్ల దగ్గరే ఆగదు, ఆపకూడదు కూడా. 2024 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలి ఆధార్ ఆధారంగానే పడాలన్నారు. జాబ్‌కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉన్న కూలీ కష్టం ఆ ట్రంకు పెట్టె కష్టమే. ఒంటరి మహిళ పెన్షన్, వికలాంగ ధ్రువపత్రం, గూడెంలో పిల్లాడి కులపత్రం, దేనికైనా మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడటమే మొదటి అడుగు. ఆదివారం పొద్దున్నే రచ్చబండ దగ్గరో లైబ్రరీ వరండాలోనో ఒక బల్ల వేసుకుని కూర్చోండి. సైనికుడి భార్య, ఆమె వెనక ఎరుకల నాంచారమ్మ, ఆమె వెనక వలసకూలీ తండ్రి, ఎవరు ముందొస్తే వాళ్లు ముందు.

ఇందాక హవల్దారు గారి సంగతి తర్వాత చెబుతానన్నాను. జవానుగా పద్దెనిమిదేళ్లకి చేరినవాడు చాలావరకు నలభైకి అటూఇటూగా ఇంటికొచ్చేస్తాడు. ఇంకా సగం జీవితం ఉంది. హిందీ ధారాళంగా వస్తుంది, ఫారం నింపడం వచ్చు, టైముకి రావడం వచ్చు. ఊళ్లో ఆయనకి మనం ఇచ్చిన పని ఏమిటయ్యా అంటే క్యాంటీన్ సీసా తెచ్చిపెట్టడం! ఆయన గుమ్మం తొక్కేవాళ్లలో చాలామంది వచ్చేది దానికే. మీరు బల్ల దగ్గరికి రమ్మని పిలవండి. సూరత్‌లోనో పుణేలోనో మేస్త్రీ కూలి ఎగ్గొడితే ఆ మేస్త్రీతో గట్టిగా, మర్యాదగా, హిందీలో మాట్లాడగలిగిన మనిషి ఊరికి ఆయనొక్కడే. 2010 హైతీ భూకంపం తర్వాత అమెరికాలో మాజీ మెరీన్ సైనికులు మొదలుపెట్టిన ‘టీమ్ రూబికాన్’ ఇదే సంగతిని పెద్దయెత్తున చూపించింది. విపత్తు వచ్చినచోటికి మాజీ సైనికుల్ని పంపుతుంది. సాయం అందుకునే జాబితాలో ఉన్న మనిషిని సాయం చేసే జాబితాలో వేసింది. వరదలూ తుపాన్లూ మన కోస్తాకి కొత్తా?

ఆయనకీ మీ అవసరం ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకి 10 శాతం రిజర్వేషన్ ఉంది, బ్యాంకుల్లోనూ ఉంది. రిజర్వేషన్ ఉన్నా పరీక్ష రాయాలి, ఆయన పుస్తకం మూసి పదిహేనేళ్లు దాటింది. లైబ్రరీలో కూర్చుని గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు రీజనింగ్, అర్థమెటిక్ చెబితే, ఆయన పొద్దున్నే వాళ్లని కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షకి పరుగెత్తించగలడు. ఎవరికీ ఎవరూ దానం చేసినట్టుండదు. నాకు తెలిసినంతలో ఊళ్లలో ఎక్కువకాలం నిలిచేవి ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలే.

మనిషి మాట్లాడటం మానేశాడా, రాత్రిళ్లు నిద్ర లేదా, తాగుడు పెరిగిందా, దానికి కాగితం మందు కాదు. టెలి మానస్ 14416కి చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఫోన్ కలిపి ఇచ్చి, మీరు బయట కూర్చోండి.

సంఘం పెట్టాలా

నలుగురు చేరగానే ‘రిజిస్టర్ చేయిద్దాం’ అని ఒకాయన అంటాడు. అప్పటినుంచి అధ్యక్షుడెవరన్నదే పని అయిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే సంఘం రిజిస్టరవుతుంది, అదేం పెద్ద విషయం కాదు. తర్వాత ఏటా లెక్కలు, జాబితాలు దాఖలు చేయాలి, విరాళాలకి పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర వేరే రిజిస్ట్రేషన్లు. బయటి డబ్బు తీసుకోవాల్సిన అవసరం వచ్చేదాకా ఇదంతా వద్దని నా సలహా. ఏడాదిపాటు నోటుబుక్కుతో పనిచేయండి. ఏడాది తర్వాత కూడా ఆదివారం బల్ల దగ్గరికి వస్తున్నవాళ్లెవరో చూడండి. సంఘం పెట్టదలిస్తే వాళ్లతో పెట్టండి.

ఈ బల్ల అవసరం ముందుముందు పెరుగుతుంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద సైన్యంలో చేరినవాళ్లు నాలుగేళ్లకే బయటికి వస్తారు, నాలుగోవంతు మందినే కొనసాగిస్తారు. 2022 ఆఖర్లో చేరిన తొలి బ్యాచ్ 2026 చివరినుంచి ఇళ్లకి చేరుతుంది. సేవానిధి కింద వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు చేతికొస్తాయి. పెన్షన్ ఉండదు, మాజీ సైనికుడన్న హోదా కూడా ఉండదు. ఇరవై రెండు ఇరవై మూడేళ్ల కుర్రాడు, ఖాతాలో అంత డబ్బు, చుట్టూ ప్లాట్ల బ్రోకర్లూ చిట్టీలవాళ్లూ. వాడు ఊళ్లో దిగిన వారంలోనే వెళ్లి కలవండి. డబ్బు ఎక్కడ పెట్టాలో మీరు చెప్పకండి, ఆర్నెల్లు ఎక్కడా పెట్టకుండా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమనండి. ఆ ఆర్నెల్లూ ఆదివారాలు బల్ల దగ్గరికి రమ్మనండి. ఫారాలు నింపడం వాడికి మీకన్నా వేగంగా వస్తుంది.